గోడమీద సర్టిఫికెట్, కౌంటరులో మరొకరు

కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా మందుల దుకాణంలో అడుగుపెట్టినప్పుడు గల్లాపెట్టె వెనుక గోడవైపు ఒకసారి చూడండి. అద్దాల పటాలలో కొన్ని కాగితాలు కనిపిస్తాయి. ఒకటి దుకాణానికి ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు. మరొకటి ఒక వ్యక్తి పేరిట ఉండే ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. అందరికీ కనిపించేలా ఉంచాలని నిబంధనలే నిర్దేశించాయి. ఇక ఆ సర్టిఫికెట్‌లో ఉన్న పేరేమిటో, మీ చేతికి మందు అందిస్తున్న వ్యక్తి పేరేమిటో అడిగి తెలుసుకోండి. రెండూ ఒకటే అయితే ఈ వ్యాసం ఆ దుకాణాన్ని ఉద్దేశించినది కాదు.

సర్టిఫికెట్ ఒకరిది, కూర్చునేది మరొకరు అన్న పద్ధతి ఎంత మామూలైపోయిందంటే దానికి ‘సర్టిఫికెట్ కిరాయి’ అని ఒక పేరు కూడా స్థిరపడింది. ఇల్లు కిరాయికిచ్చినట్లు, ఆటో కిరాయికిచ్చినట్లు చదువును కిరాయికివ్వడం అన్నమాట. ఇచ్చే చేతులలోనూ, తీసుకునే చేతులలోనూ, చివరకు ఆ మందు మింగే నోళ్ళలోనూ మన కుటుంబాలవారు ఉన్నారు గనుక దీనిని గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవలసి ఉంది.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో ఒకప్పుడు మందుల అమ్మకం ఉప్పు, బెల్లం అమ్మకంలాగే సాగేది. ఎవరైనా తెచ్చి, ఎవరికైనా అమ్మవచ్చు. నకిలీలు, కల్తీలు పెరిగిపోవడంతో 1930లో కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఏర్పడింది. మరుసటి సంవత్సరం అది నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగానే 1940లో ఔషధాల చట్టం, 1945లో దాని నియమావళి, స్వాతంత్ర్యానంతరం 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. మొదటిది మందును గురించిన చట్టం. చివరిది మందు ఇచ్చే మనిషిని గురించిన చట్టం.

ఫార్మసీ చట్టం పార్లమెంటు చేసినదే అయినా దాని అమలు చాలావరకు రాష్ట్రాల చేతిలోనే ఉన్నది. చదువు ఎట్లా ఉండాలో ఢిల్లీలోని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్ణయిస్తుంది. చదివినవారి పేర్లు నమోదు చేయడం, తప్పు రుజువైనవారి పేరు తొలగించడం రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ పని. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తర్వాత ఈ రిజిస్టరు కూడా మన రాష్ట్రానికి వేరుపడింది. ఇక దుకాణాలకు లైసెన్సులివ్వడం, తనిఖీలు చేయడం ఔషధ నియంత్రణ విభాగం బాధ్యత. అంటే మనిషిని నమోదు చేసే కార్యాలయం ఒకటి, దుకాణాన్ని చూసే కార్యాలయం మరొకటి. కిరాయి వ్యవహారం ఈ రెండింటి నడుమనున్న సందులోనే వేళ్ళూనిందని నా అభిప్రాయం.

చట్టంలోని 42వ సెక్షన్ సూటిగా ఉన్నది. వైద్యుడు రాసిన చీటీని బట్టి మందు కలిపి ఇవ్వడమైనా, తీసి ఇవ్వడమైనా నమోదైన ఫార్మసిస్టు తప్ప మరొకరు చేయరాదు. చేస్తే జైలు శిక్షకు, జరిమానాకు అవకాశమున్నది. 1945 నియమావళిలోని 65వ నియమం ప్రకారం చీటీపై మందు ఇవ్వడం ఫార్మసిస్టు స్వయంగా చేయాలి, లేదా అతని ప్రత్యక్ష పర్యవేక్షణలో జరగాలి. ప్రత్యక్షం అన్న మాటకు ఇంట్లో కూర్చొని ఫోనులో అందుబాటులో ఉండటం అని అర్థం కాదు. 2015 జనవరిలో వెలువడిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఇంకా ముందుకు వెళ్ళాయి. దుకాణానికి హాజరు కాకుండా తన సర్టిఫికెట్‌ను యజమాని వాడుకోనివ్వడాన్ని, ఒకే సర్టిఫికెట్‌ను ఒకటికంటే ఎక్కువ దుకాణాలకు ఇవ్వడాన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పేర్కొన్నాయి. 2022 నవంబరులో బీహారుకు చెందిన ముకేష్ కుమార్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని తీవ్రంగా పరిగణించింది. నమోదైన ఫార్మసిస్టు లేకుండా ఆసుపత్రులు, మందుల దుకాణాలు నడిస్తే పౌరుల ఆరోగ్యానికే ముప్పు అనీ, అట్లా జరగకుండా చూడవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదీ, రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌దీ అనీ తేల్చింది.

ప్రసంగవశాత్తూ ఒక చిన్న విషయం. దుకాణాల బోర్డులమీద ‘ఫార్మసీ’, ‘కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్’, ‘డ్రగ్ స్టోర్’ అని రకరకాలుగా రాసి ఉండటం మనం చూస్తాము. అవి యజమాని ఇష్టాన్ని బట్టి పెట్టుకునే పేర్లు కావు. ఫార్మసిస్టు ఉండి, మందులు స్వయంగా కలిపే ఏర్పాటు కూడా ఉన్నది మొదటిది. ఫార్మసిస్టు ఉన్నా కలిపే ఏర్పాటు లేనిది రెండవది. ఫార్మసిస్టు అవసరంలేని సామాన్య మందులు మాత్రమే అమ్మేది మూడవది. నియమావళి ఇంత వివరంగా చెప్పినా బోర్డులు రాయించేవారిలో ఎందరు దీనిని చదివారో తెలియదు.

‘లేదు’ అనగలవాడు

అసలు ఈ ఫార్మసిస్టు ఎందుకు? డాక్టరు రాశాడు, డబ్బాలో మందు ఉన్నది, తీసి ఇవ్వడానికి రెండేళ్ళ, నాలుగేళ్ళ చదువు కావాలా? ఈ ప్రశ్నకు పన్నెండు వందల ఏళ్ళనాటి ఒక ఉదంతంలో జవాబు దొరుకుతుంది.

అబ్బాసీ ఖలీఫా ముఅతసిమ్ కాలంలో సేనాని అఫ్షీన్ బాబక్‌పై దండయాత్రలో ఉన్నాడు. సైనిక శిబిరంతోపాటు బజారు కూడా కదిలేది. ఆ బజారులో మందులమ్మేవారు నమ్మదగినవారా కాదా తేల్చాలని వైద్యుడు జకరియ్యా తైఫూరీ, అఫ్షీన్ కలిసి ఒక ఉపాయం పన్నారు. అఫ్షీన్ తన స్వదేశమైన ఉష్రూసనకు సంబంధించిన ఒక పుస్తకం తెప్పించి, అందులోనుండి కొన్ని పేర్లు ఏరి, ఆ పేర్లుగల మందులు కావాలని దుకాణదారుల దగ్గరకు మనుషులను పంపాడు. నిజానికి అవి మందుల పేర్లే కావు. కొందరు వ్యాపారులు ఆ పేర్లు తాము ఎరుగమన్నారు. మరికొందరు తమకు తెలుసునని చెప్పి, డబ్బు పుచ్చుకొని, దుకాణంలో ఉన్నదేదో కట్టి ఇచ్చారు. అఫ్షీన్ అందరినీ పిలిపించాడు. ఎరుగమన్నవారికి అనుమతి పత్రాలు రాసిచ్చి, మిగిలినవారిని శిబిరం నుండి వెళ్ళగొట్టాడు. వైద్యుల జీవితచరిత్రలు రాసిన ఇబ్నుల్ ఖిఫ్తీ, ఇబ్నె అబీ ఉసైబియా ఇద్దరూ ఈ సంగతిని నమోదు చేశారు.

ఆ పరీక్షలో గెలిచింది ఎక్కువ మందులు తెలిసినవాడు కాదు. కొనేవాడు డబ్బు పట్టుకొని ఎదురుగా నిలబడినప్పుడు ‘లేదు, ఇవ్వను’ అనగలిగినవాడు. ఆ తర్వాతి శతాబ్దాలలో బజారు తనిఖీ అధికారియైన ముహ్తసిబ్ కోసం రాసిన గ్రంథాలలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. పన్నెండవ శతాబ్దంలో షామ్ దేశపు షైజరీ తన గ్రంథంలో షర్బతులు కాచేవారికి, మందులమ్మేవారికి వేరువేరు అధ్యాయాలు కేటాయించి, నల్లమందులో ఆకుల పసరు, జిగురు కలిపి ఎట్లా మోసగిస్తారో, దానిని ఎట్లా కనిపెట్టాలో వివరించాడు. వైద్యం ఎరుగనివాడు వైద్యానికి పూనుకుంటే జరిగిన నష్టానికి అతడే జవాబుదారీ అన్న ఆశయంగల హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. మన ఫుఖహా ఈ జవాబుదారీని ‘జమాన్’ అన్న శీర్షిక కింద విస్తారంగా చర్చించారు.

నేటి ఫార్మసిస్టు అనవలసిన ‘లేదు’లు చట్టంలోనే ఉన్నాయి. షెడ్యూల్ హెచ్‌లోని మందులు చీటీ లేనిదే ఇవ్వరాదు. చీటీలో రాసిన మందు లేకపోతే తనకు తోచిన మరొకటి ఇవ్వరాదు, అందులో ఉన్న పదార్థం అదే అయినా సరే. ఒకసారి మందు ఇచ్చిన తర్వాత ఆ చీటీమీదనే దుకాణం పేరు, తేదీ వేయాలి. మళ్ళీమళ్ళీ ఇవ్వమని డాక్టరు ప్రత్యేకంగా రాయనిదే అదే చీటీపై రెండవసారి ఇవ్వరాదు. 2014 మార్చి 1 నుండి షెడ్యూల్ హెచ్1 అని మరొక జాబితా అమలులోకి వచ్చింది. శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మాత్రలు మొత్తం 46 అప్పుడు అందులో చేర్చారు. సెఫిక్సిమ్, లెవోఫ్లోక్సాసిన్, అల్ప్రాజోలామ్, ట్రమడాల్ వంటివి ఈ జాబితాలోనివే. వాటిని అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారన్నది ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్ళపాటు దాచాలి. జ్వరం వచ్చిన రెండవ పూటకే చీటీ లేకుండా యాంటీబయాటిక్ గోలీలు అడిగి తెచ్చుకునే మనలో ఎందరి పేర్లు ఆ రిజిస్టరులోకి ఎక్కి ఉంటాయి?

ఈ ‘లేదు’ అనే మనిషి అక్కడ ఉండటం ఎంత అవసరమో 2025లో మన పొరుగునే చూశాము. ఆదిలాబాద్ నుండి పెన్‌గంగ దాటి, నాగపూర్ మీదుగా ఉత్తరానికి వెళితే మధ్యప్రదేశ్‌లో ఛింద్వాడా జిల్లా వస్తుంది. ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గుమందు తాగి అక్కడ ఇరవై మందికి పైగా పిల్లలు మూత్రపిండాలు చెడి మరణించారు. వారిలో అధికులు అయిదేళ్ళలోపువారు. తమిళనాడులో తయారైన ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవ్యం 48.6 శాతం ఉన్నట్లు పరీక్షలో తేలింది. తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ బ్యాచి మందును వాడవద్దని వెంటనే ప్రజలను హెచ్చరించింది. 1937లో అమెరికాలో నూరుమందికి పైగా ప్రాణాలు తీసి, అక్కడ కఠినమైన చట్టానికి కారణమైనది కూడా ఈ విషమే.

సీసాలో విషమున్నదని ఏ ఫార్మసిస్టూ కంటితో చూసి చెప్పలేడు. ఆ నేరం తయారీదారునిది, తయారీని తనిఖీ చేయనివారిది. కానీ ఆ మందులో కలిసి ఉన్న క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ జతను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదనీ, ఆ హెచ్చరికను సీసాపై ముద్రించాలనీ కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే ఆదేశించింది. పిల్లవాని వయసు అడిగి, ‘ఈ వయసుకు ఇది పనికిరాదు, డాక్టరుగారిని మళ్ళీ అడిగి రండి’ అని తిప్పి పంపవలసిన మనిషి ఫార్మసిస్టే. గోడమీది పటం ఆ మాట అనలేదు.

పర్దాకు పర్దా, ఆదాయానికి ఆదాయం

కొన్నేళ్ళుగా నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉన్నది. అడిగే తండ్రులు వేరైనా మాటలు దాదాపు అవే. ‘మౌల్వీ సాబ్, మా అమ్మాయి బి.ఫార్మసీ చదివింది. షాపాయన సర్టిఫికెట్ ఇస్తే నెలనెలా పైసలిస్తానంటున్నాడు. అమ్మాయి గడప దాటే పనిలేదు. పర్దాకు పర్దా, ఆదాయానికి ఆదాయం. జాయజేనా?’

‘భాయీ, ఆ పైసలు ఏ పనికి?’ అని నేను అడుగుతాను. జవాబు రాదు. మన ధర్మశాస్త్రంలో కూలి పనికి, కిరాయి వస్తువు ఉపయోగానికి. ఇక్కడ అమ్మాయి పని చేయడం లేదు. ఆ కాగితం ఇల్లో బండో కాదు, దానికదిగా ఎవరికీ ఉపయోగపడదు. మరి యజమాని దేనికి డబ్బిస్తున్నాడు? ‘ఈమె ఇక్కడ పూర్తికాలం పనిచేస్తున్నది’ అని లైసెన్సు కోసం అధికారికి చెప్పే మాటకు ఇస్తున్నాడు. ఆ మాట అబద్ధం. అబద్ధపు సాక్ష్యానికి పుచ్చుకున్న సొమ్మును ధర్మసమ్మతమని చెప్పడానికి నాకు దారి కనిపించడం లేదు. ఇంకొక ముఫ్తీగారిని అడిగి చూస్తామంటే అభ్యంతరమూ లేదు. పైగా రేపు ఆ కౌంటరులో ఏదైనా పొరపాటు జరిగితే చట్టం ముందు నిలబడేది ఎవరి పేరు? గడప దాటని ఆ అమ్మాయి పేరే.

దీనికి మారుమాటలు వినిపిస్తాయి. కౌంటరులో ఉన్న మనిషికి ఇరవై ఏళ్ళ అనుభవం, మొన్న పాసైన పిల్లకేం తెలుసు అంటారు. ఈ మాటను తేలికగా కొట్టిపారేయలేము. 1948 చట్టం కూడా అనుభవాన్ని గౌరవించింది. మొదటి రిజిస్టరు తయారుచేసినప్పుడు అయిదేళ్ళు మందులు కలిపిన అనుభవం ఉన్న కాంపౌండర్లకు కూడా చోటిచ్చింది. తర్వాత ఆ తలుపు మూసివేశారు, ఎందుకంటే మందులు మారిపోయాయి. అప్పటి కాంపౌండరు కలిపిన ఎర్రమందు వేరు, నేటి గుండె మాత్రలు వేరు. అనుభవం ఏ డబ్బా ఎక్కడ ఉన్నదో నేర్పుతుంది, చేతిరాతను చదవడమూ నేర్పుతుంది. రక్తం పలుచబరిచే మాత్ర వాడుతున్నవానికి ఏ నొప్పి మాత్ర ఇవ్వరాదో చదువు నేర్పుతుంది. అనుభవజ్ఞుడు ఉండవచ్చు, అతని పక్కన ఫార్మసిస్టు కూడా ఉండాలన్నదే చట్టం కోరిక.

రెండవ మారుమాట జీతం గురించి. దుకాణంలో రోజంతా నిలబడితే వచ్చేది ఎంతని? నిజమే, మన పట్టణాలలో ఫార్మసిస్టు జీతం అతని చదువుకు తగినట్లు లేదు. అయితే అది ఎందుకు లేదో ఆలోచించాలి. కిరాయి కాగితం చవకగా దొరుకుతున్నంతకాలం మనిషికి పూర్తి జీతం ఇవ్వవలసిన అవసరం యజమానికి ఏముంది? ఇంట్లో కూర్చొని పుచ్చుకునే ఆ చిన్న మొత్తం, దుకాణంలో నిజంగా నిలబడాలనుకున్న మరొకరి జీతాన్ని కోస్తున్నది.

ఆడపిల్లలున్న తల్లిదండ్రులకు ఇంకొక మాట కూడా చెప్పాలి. మన స్త్రీలు మగవాని ముందు నోరు విప్పి అడగలేని సందేహాలు ఎన్నో ఉంటాయి. గర్భంతో ఉన్నప్పుడు ఈ మాత్ర వేసుకోవచ్చునా, పాలిచ్చే తల్లికి ఇది మంచిదేనా వంటివి. కౌంటరులో తెల్లకోటు తొడుక్కొని, తలపై హిజాబుతో ఒక చదువుకున్న అమ్మాయి ఉంటే వాళ్ళు అడుగుతారు. చదివించిన తర్వాత ఆ చదువును గోడకు వేలాడదీయడమెందుకు?

అడవి పల్లెలలో

పట్టణానికి సరిపోయే మాట ఉట్నూరు ఏజెన్సీకి అంతే సరిపోదు. వానాకాలం వస్తే విషజ్వరాలతో గూడేలు మంచం పడతాయి. ఆదిలాబాద్‌లో రిమ్స్ 2008లో మొదలైంది. ఇటీవల మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అయినా వాగు పొంగిన రాత్రి గడపకు వచ్చేది ఆర్.ఎం.పి.యే. ఈ మూడక్షరాలకు అసలు అర్థం నమోదైన వైద్యుడు అని. మన పల్లెలలో మాత్రం ఎక్కడా నమోదు కానివానికే ఆ పేరు స్థిరపడింది!

ఈ పల్లెలను చట్టం పూర్తిగా మరచిపోలేదు. నియమావళిలోని షెడ్యూల్ కె ప్రకారం వెయ్యిమందికి మించని జనాభాగల గ్రామంలో పారాసెటమాల్, నొప్పి బాము, గ్రైప్ వాటర్, ఆముదం, టింక్చర్ అయోడిన్ వంటి ఇంటి మందులను కొన్ని షరతులకు లోబడి లైసెన్సు లేకుండానే అమ్మవచ్చు. మన కిరాణా దుకాణాలలో దొరికే గోలీలలో కొంతభాగం ఈ సడలింపు కిందికి వస్తుంది. అంతకుమించి నిల్వపెట్టి అమ్మితే మూడేళ్ళ నుండి అయిదేళ్ళ వరకు జైలుశిక్ష ఉన్నది. కరీంనగర్ పోలీసు కమిషనర్‌గా మనకు పరిచయమైన వి.బి. కమలాసన్ రెడ్డి ఔషధ నియంత్రణ విభాగానికి డైరెక్టర్ జనరల్‌గా ఉన్న కాలంలో ఆర్.ఎం.పి.ల ఇళ్ళలో, క్లినిక్‌లలో లైసెన్సు లేకుండా పెట్టుకున్న మందులను రాష్ట్రమంతటా పట్టుకున్నారు. యాంటీబయాటిక్‌లు, స్టెరాయిడ్లు వాటిలో ఉండేవి.

అర్ధరాత్రి సైకిలుమోటారుపై వచ్చి సూది వేసిన మనిషిని ద్రోహి అనడానికి నాకు నోరు రాదు. అట్లాగని ప్రతి జ్వరానికీ స్టెరాయిడ్ సూది వేయడాన్ని సేవ అని కూడా అనలేను. దాడులతోపాటు ఉపకేంద్రంలో మందులు, ఆశా కార్యకర్త సంచిలో జ్వరం గోలీలు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఎల్లప్పుడూ ఉండేట్లు చూడటం కూడా ప్రభుత్వం పనే. అవి ఉన్నచోట ఆర్.ఎం.పి. బేరం దానంతటదే తగ్గుతుంది.

గల్ఫ్ సంచిలో మందులు

జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ ఇళ్ళలో గల్ఫ్ వెళ్ళేవారి సంచిలో ఊరగాయతోపాటు మందుల పొట్లం కూడా కడతారు. ఇక్కడ చీటీ లేకుండా దొరికిన నిద్రమాత్రలు, ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గుమందు అక్కడి విమానాశ్రయంలో నేరంగా మారవచ్చు. ట్రమడాల్‌ను మన దేశమే 2018 ఏప్రిల్‌లో మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చింది. సౌదీలో అదే సంవత్సరం నుండి చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మడంపై గట్టి చర్యలు మొదలయ్యాయి. అక్కడ ఫార్మసీలో చీటీ చూపించి మందు కొనడానికి అలవాటుపడిన మన సోదరుడు సెలవుపై ఇంటికి రాగానే ఇక్కడి కౌంటరులో చీటీ అడిగితే కోప్పడటం విడ్డూరమే.

ప్రయాణానికి మందులు తప్పనిసరైతే డాక్టరు పేరు, రోగి పేరు, మందు అసలు పేరు స్పష్టంగా ఉన్న చీటీ తీసుకోండి. బిల్లు, మందుల అసలు ప్యాకింగు కూడా వెంట ఉంచుకోండి. వెళ్ళే దేశంలో ఆ మందుకు ముందస్తు అనుమతి కావాలేమో టికెట్టు కొనకముందే విచారించండి.

ఇంటి అవసరాలకు కూడా బిల్లు అడగటం అలవాటు చేసుకోవాలి. దానిమీద బ్యాచి నంబరు ఉంటుంది. ఛింద్వాడా వంటి హెచ్చరిక వచ్చిననాడు మీ ఇంట్లో ఉన్న సీసా ఆ బ్యాచిదా కాదా తెలిసేది దానితోనే. లైసెన్సు లేని అమ్మకం, నకిలీ మందు, ముద్రించిన ధరకు మించి వసూలు వంటి ఫిర్యాదులను తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం ఉచిత ఫోను నంబరు 1800-599-6969కు పనిదినాలలో తెలియజేయవచ్చు. ఫోను చేసేముందు బిల్లు, మందు రేకు, దుకాణం లైసెన్సు నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ నంబరు గోడమీది పటంలోనే రాసి ఉంటుంది.